720పీలో 60 ఫ్రేములా, 1080పీలో 30కి లాక్ చేయడమా? గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌ల పంచాయితీ

కృష్ణలంక_కంట్రోలర్ (ప్రశ్న)

రైజెన్ 5 3500యూ, లోపలే ఉన్న వేగా 8 గ్రాఫిక్స్, 8 జీబీ ర్యామ్, 1080పీ 60 హెర్ట్జ్ తెర. ఇలాంటి ల్యాప్‌టాప్‌లో జీటీఏ 5 తరహా ఆటని పూర్తి రిజల్యూషన్‌లో (1920x1080 పిక్సెళ్లు) పెట్టి సెకనుకి 30 ఫ్రేములకి (బొమ్మలకి) లాక్ చేయడం మేలా, 720పీకి (1280x720) దించి 60 తెచ్చుకోవడం మేలా? వాలరెంట్, సీఎస్2 లాంటి ఆన్‌లైన్ షూటింగ్ పోటీల సంగతి అడగట్లేదు. అక్కడ తెర మసకబారినా ఫ్రేములే కావాలి. ఒక్కళ్లమే కూర్చుని ఆడుకునే ఆటల గురించే. కారణాలతో చెప్పండి.

ఫ్రేమ్‌టైమ్_ఫణి

720పీ, 60. ఇందులో చర్చేముంది? 30 దగ్గర ఒక్కో ఫ్రేమ్ 33.3 మిల్లీసెకన్లు తెర మీద నిలబడుతుంది, 60 దగ్గర 16.7. మౌస్ తిప్పితే కెమెరా ఈడ్చుకుంటూ వస్తుంది. కారు మలుపు దాటేశాక గానీ స్టీరింగ్ తిరిగినట్టు ఉండదు. మసక అంటారా, 15.6 అంగుళాల తెరని రెండడుగుల దూరం నుంచి చూస్తూ పిక్సెళ్లు లెక్కపెట్టేవాడెవడు?

సింగిల్‌స్టిక్_సుబ్బారావు

లెక్కే పెడదాం ఫణి గారూ. 1080పీ అంటే ఫ్రేముకి 20,73,600 పిక్సెళ్లు. 30తో గుణిస్తే సెకనుకి 6.22 కోట్లు. 720పీ అంటే 9,21,600. 60తో గుణిస్తే 5.53 కోట్లు. పిక్సెళ్ల వరకు చూస్తే గ్రాఫిక్స్ భాగానికి రెండూ ఇంచుమించు ఒకటే బరువు.

మీరు వదిలేసింది సీపీయూని. ఏ బండి ఎక్కడుంది, ఏది గీయాలి, ఏది వదిలేయాలి అని ప్రతి ఫ్రేముకీ సీపీయూ ఆర్డర్లు వేయాలి. రిజల్యూషన్ తగ్గించినంత మాత్రాన ఆ పని తగ్గదు, ఫ్రేములు రెట్టింపు చేస్తే మాత్రం రెట్టింపవుతుంది. ఈ చిప్‌కి మామూలుగా ఇచ్చేది 15 వాట్లు, అదీ సీపీయూకి, జీపీయూకి (గ్రాఫిక్స్ భాగానికి) కలిపి. ఒకే కంచంలో ఇద్దరు తింటున్నట్టు. 60 కోసం సీపీయూ గబగబా తినేస్తే జీపీయూకి మిగిలేది తక్కువ. అందుకే 720పీకి దించినా చాలామందికి 60 రాదు. 45కీ 55కీ మధ్య ఊగుతుంది, అది నిలకడ 30 కంటే అధ్వానం.

ఫ్రేమ్‌టైమ్_ఫణి

ఊగే 50 అయినా 30 కంటే నయమే. సగటు ఎక్కువేగా.

వరంగల్_వేగా8

సగటు చూసి మోసపోకు బ్రో. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకోసారి మాత్రమే కొత్త బొమ్మ తీసుకుంటుంది. 50 ఫ్రేములు వస్తుంటే కొన్ని ఒకసారి, కొన్ని రెండుసార్లు కనిపిస్తాయి. కెమెరాని గుండ్రంగా తిప్పితే ఆ కుదుపు కంటికి గుచ్చుకుంటుంది. పైగా మామూలు డబుల్ బఫర్ వీసింక్ (ఫ్రేముల్ని తెర వంతుకి జతచేసే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే 58 తీయగల చిప్ కూడా ఒక్కసారిగా 30కి పడిపోతుంది. 16.7లో పూర్తికాని ఫ్రేమ్ తర్వాతి వంతు దాకా ఆగాల్సిందే కాబట్టి.

ఇంకో సంగతి. లాక్ లేకుండా 38 వస్తోందనుకుందాం. జీపీయూ నూటికి నూరు శాతం పనిలో ఉంటే సీపీయూ ముందే తయారుచేసిన ఫ్రేములు వరసలో నిలబడతాయి. డైరెక్ట్ఎక్స్ 11లో డిఫాల్ట్‌గా 3 దాకా. ఒక్కోటి 26.3 చొప్పున, నొక్కిన బటన్ ఫలితం తెర మీదకి రావడానికి 79 మిల్లీసెకన్ల దాకా ఆ వరసలోనే పోవచ్చు. అదే ఆటని 30కి లాక్ చేస్తే జీపీయూకి ఖాళీ దొరుకుతుంది, వరస పేరుకోదు. కాబట్టి లాక్ లేని 38 కంటే లాక్ చేసిన 30 చేతికి చురుగ్గా తగలొచ్చు. "30 అంటే నత్త" అనేవాళ్లలో చాలామంది నిజమైన 30 చూడలేదు, 28కీ 41కీ మధ్య గెంతేదాన్ని 30 అనుకున్నారు.

సింగిల్‌స్టిక్_సుబ్బారావు

లాక్ ఎలా వేయాలో కూడా చెప్పాలి. ఆటలోనే ఫ్రేమ్ లిమిట్ ఉంటే ముందు అదే వాడండి, ఆలస్యం తక్కువ. లేకపోతే రివాట్యూనర్ స్టాటిస్టిక్స్ సర్వర్ అనే టూల్ తెరిచి, ఆట ఈఎక్స్ఈ ఫైల్‌ని జాబితాలో చేర్చి, ఫ్రేమ్‌రేట్ లిమిట్ దగ్గర 30 పెట్టండి. ఆటలో వీసింక్ కూడా ఆన్ చేస్తే బొమ్మ అడ్డంగా చిరగదు. తెర నిజంగా 59.94 దగ్గర నడుస్తుంటే కొన్ని సెకన్లకోసారి చిన్న కుదుపు రావచ్చు. అప్పుడు అదే టూల్‌లో స్కాన్‌లైన్ సింక్ ఎక్స్/2 (తెర రెండు వంతులకి ఒక ఫ్రేమ్) వాడండి, కానీ జీపీయూకి బాగా ఖాళీ ఉంటేనే అది పనిచేస్తుంది.

మైలవరం_మోడ్స్

అన్ని ఆటలకీ ఒకటే మంత్రం కాదండీ. నీడ్ ఫర్ స్పీడ్ రైవల్స్ (2013) 30కే కట్టి వచ్చింది, ఆట వేగమే ఫ్రేములకి ముడిపడి ఉంది. లాంచ్ ఆప్షన్లతో 60 చేయొచ్చు గానీ, 60 నిలకడగా రాని మెషీన్‌లో ఆటే స్లో మోషన్‌లో నడుస్తుంది. ఎమ్యులేటర్లలో (పాత కన్సోల్ ఆటల్ని పీసీలో నడిపే ప్రోగ్రాముల్లో) ఇంకో తిరకాసు: 60తో నడవాల్సిన పీఎస్2 ఆటకి ఫుల్ స్పీడ్ అందకపోతే పాట కూడా సాగుతుంది. అక్కడ 30 లాక్ అన్న మాటే లేదు, ఇంటర్నల్ రిజల్యూషన్ తగ్గించుకోవడమే.

ఇక మైన్‌క్రాఫ్ట్ జావాకి రిజల్యూషన్ గోలే అక్కర్లేదు. రెండర్ డిస్టెన్స్ (ఎంత దూరం దాకా గీయాలో) 12 అంటే మీ చుట్టూ 25 x 25, అంటే 625 చంక్‌లు (ఆట లోకంలోని ముక్కలు). 8కి దించితే 17 x 17, 289. సగం కంటే తక్కువ. దాని మీద ఫ్రేములు పెంచే సోడియం మోడ్ వేస్తే 1080పీ అలాగే ఉంచుకోవచ్చు. 8 జీబీ మెషీన్‌లో జావాకి 6 జీబీ ఇవ్వమని చెప్పేవాళ్ల మాట వినకండి. వేగా 8 ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో 2 జీబీ గ్రాఫిక్స్‌కే తీసిపెట్టి ఉంటుంది, విండోస్‌కి కనిపించేది 5.9 చిల్లర. జావా మిగతాది కూడా మింగితే విండోస్ డిస్కు మీదకి ఎగబాకుతుంది, ఆట ఆగి ఆగి నడుస్తుంది. 2 జీబీ చాలు, మోడ్లు ఎక్కువుంటే 3.

ఫ్రేమ్‌టైమ్_ఫణి

సరే, మధ్యేమార్గం: 900పీలో (1600x900) 40. 14,40,000 x 40 = 5.76 కోట్లు, సుబ్బారావు గారి లెక్క ప్రకారమే సరిపోతుంది. 40 అంటే 25 మిల్లీసెకన్లు, 33.3కీ 16.7కీ సరిగ్గా నడిమధ్య.

వరంగల్_వేగా8

120 హెర్ట్జ్ తెర అయితే చప్పట్లు కొట్టేవాణ్ణి. అక్కడ ఒక్కో ఫ్రేమ్ మూడు వంతులు సమానంగా నిలుస్తుంది. 60 మీద 40 అంటే ఒక ఫ్రేమ్ 16.7, తర్వాతది 33.3, మళ్లీ 16.7. కుంటి నడక.

తెరనే 40 హెర్ట్జ్‌కి దించొచ్చు, ప్యానెల్ ఒప్పుకుంటే. కస్టమ్ రిజల్యూషన్ యుటిలిటీ అనే టూల్‌తో 1920x1080 @ 40 చేర్చి, గ్రాఫిక్స్ డ్రైవర్ రీస్టార్ట్ చేసి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఎంచుకోవాలి. బొమ్మ రాకపోతే ఏమీ నొక్కకుండా 15 సెకన్లు ఆగండి, పాతదానికి తిరిగొస్తుంది. డ్రైవర్ రీస్టార్ట్ దగ్గరే తెర నల్లబడి ఉండిపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ టూల్‌తో వచ్చే రీసెట్-ఆల్ నడపాలి. ఇది చేసే ముందు బయటి మానిటర్ ఒకటి దగ్గరుంటే ధైర్యం.

కృష్ణలంక_కంట్రోలర్

మధ్యలో ఫ్రేములు పుట్టించే లాస్‌లెస్ స్కేలింగ్ యాప్ వాడి 30ని 60 చేసుకోమంటున్నారు కొందరు. అది కుదరదా?

సింగిల్‌స్టిక్_సుబ్బారావు

మధ్య ఫ్రేములు పుట్టించేది కూడా అదే జీపీయూ బాబూ. 1080పీలో 30 తీయడానికే అది 95 శాతం పనిలో ఉంటే, దీన్ని ఆన్ చేయగానే అసలు 30 కాస్తా 22కి దిగొచ్చు. ఆ 22ని 44 చేసి చూపిస్తుంది, పరిగెత్తే మనిషి కాళ్ల చుట్టూ బొమ్మ కరిగిపోతుంది. జీపీయూ 65-70 శాతంలో ఉండేలా సెట్టింగులు దించి, 30కి లాక్ చేశాకే ఆన్ చేయాలి. అప్పుడు కంటికి నున్నగా ఉంటుంది, చేతికి మాత్రం 30 కంటే కాస్త బరువే. గేమ్‌ప్యాడ్‌తో ఆడితే సర్దుకుపోవచ్చు, మౌస్‌తో కష్టం.

అసలు ఇంత మాట్లాడుకునే ముందు ఒక్కటి చెప్పండి, ర్యామ్ ఎన్ని స్టిక్‌లు? టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్, మెమరీ, కింద స్లాట్స్ యూజ్డ్ చూడండి. డీడీఆర్4-2400 ఒక్క స్టిక్ అయితే సెకనుకి 19.2 జీబీ, రెండైతే 38.4. వేగా 8కి సొంత మెమరీ లేదు, ఈ దారిలోనే నీళ్లు తోడుకోవాలి. ఒక్క స్టిక్‌తో 1080పీ గురించి వాదించుకోవడం ఒంటెద్దు బండికి రెండు చక్రాలు ఎక్కువ తగిలించడమే.

మైలవరం_మోడ్స్

దానికి నాదీ ఓటు. ఒక ర్యామ్‌ని బోర్డుకి అతికించి, ఒక స్లాట్ వదిలిన మోడల్స్ ఉంటాయి, మూత తీసేముందు మాన్యువల్ చూడండి. అతికించింది 4 అయి, కొత్తది 8 పెడితే 4+4 జంటగా నడుస్తుంది, మిగతా 4 ఒంటరిగా. పర్లేదు.

రిజల్యూషన్ తగ్గించాలా వద్దా అన్నది తేల్చే పరీక్ష కూడా ఉంది. జీటీఏ 5లో లాస్ శాంటోస్ నడిబొడ్డున నిలబడి, 800x600కి దించండి. ఫ్రేములు పెద్దగా పెరగకపోతే అడ్డం సీపీయూ, ఇక 720పీ ఉత్త దండగ. పాపులేషన్ డెన్సిటీ, డిస్టెన్స్ స్కేలింగ్ తగ్గించండి, ఎక్స్‌టెండెడ్ డిస్టెన్స్ సున్నా చేయండి. ఫ్రేములు ఎగిసిపడితే అడ్డం జీపీయూ. అప్పుడు ముందు ఎంఎస్ఏఏ (అంచుల్ని నున్నగా చేసే సెట్టింగ్) తీసేసి, గ్రాస్ నార్మల్‌కి దించి, ఆ తర్వాతే రిజల్యూషన్ జోలికి వెళ్లండి.

ఆట ఆన్ చేసిన వెంటనే వచ్చిన నంబరు నమ్మొద్దు. ఇంటెల్ యూ సిరీస్‌లో మొదటి 28 సెకన్లు మామూలు కంటే ఎక్కువ కరెంటు ఇచ్చి తర్వాత కోత పెట్టడం రివాజు, రైజెన్ కూడా ఒళ్లు వేడెక్కే కొద్దీ తగ్గుతుంది. 15 నిమిషాలు ఆడాక చూడండి.

వరంగల్_వేగా8

అదీ మే నెలలో చూడండి. ఏసీ గదిలో 26 డిగ్రీలకి చిప్ 80 దగ్గర ఆగితే, రామగుండం ఎండకి గది 40 అయినప్పుడు అదే పనికి 94 దాకా పోవాలి, ఆ లోపే క్లాక్ (చిప్ వేగం) కోసేస్తుంది. 30 లాక్‌లో నాకు నచ్చేది ఇదే, ఎండాకాలంలోనూ నిలబడుతుంది. ల్యాప్‌టాప్ వెనక రెండు సీసా మూతలు పెట్టి ఎత్తండి, పరుపు మీద పెట్టకండి. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని పుల్లతో ఆపి పట్టుకోండి, గిరగిర తిరగనిస్తే బేరింగ్ పోతుంది.

ఫ్రేమ్‌టైమ్_ఫణి

విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమం ప్రాసెసర్ స్టేట్ 99 శాతం చేస్తే సీపీయూ బూస్ట్ (అవసరానికి వేగం పెంచుకోవడం) ఆగి, వేడి తగ్గి, ఆ వాట్లు జీపీయూకి వెళ్తాయి కదా. 60కి అదే దారి.

సింగిల్‌స్టిక్_సుబ్బారావు

3500యూ 3.7 గిగాహెర్ట్జ్ నుంచి 2.1కి దిగుతుంది. 30కి అది చాలొచ్చు. 60కి ఆర్డర్లు వేయాల్సిన వాడి కాళ్లు కట్టేసి పరిగెత్తమంటే ఎలా? మీ చిట్కా మా వైపే పనికొస్తుంది ఫణి గారూ.

కృష్ణలంక_కంట్రోలర్

స్లాట్లు 2లో 1 వాడుకలో ఉంది అని చూపిస్తోంది. ముందు రెండో స్టిక్. అప్పటిదాకా 900పీ, 30 లాక్, ఎంఎస్ఏఏ ఆఫ్.

ఫ్రేమ్‌టైమ్_ఫణి

900పీ అన్నారుగా. రిజల్యూషన్ దించారు, సగం నేను గెలిచినట్టే. ర్యామ్ వచ్చాక మిగతా సగం మాట్లాడుకుందాం.