నాన్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లు ఏదైనా ఆపగలరా, ఊరికే కూర్చుంటారా?

లెడ్జర్:
కంపెనీలో ఉద్యోగం చెయ్యకుండా బోర్డులో మాత్రం కూర్చునే ఈ డైరెక్టర్ల వల్ల ఉపయోగం లేదని నా వాదన. అమెరికాలోని ఇంధన కంపెనీ ఎన్రాన్ చూడండి. బోర్డులో ఎక్కువమంది బయటివాళ్లే, లెక్కల తనిఖీని చూసుకునే ఆడిట్ కమిటీ చైర్మన్ స్టాన్‌ఫర్డ్‌లో అకౌంటింగ్ ప్రొఫెసర్‌గా చేసినాయన. అయినా 1999లో కంపెనీ ఆర్థిక వ్యవహారాల అధిపతి (సీఎఫ్ఓ) తను నడిపే సొంత సంస్థతో ఎన్రాన్‌కి లావాదేవీలు పెడతానంటే కంపెనీ నియమావళిని పక్కనపెట్టి మరీ ఒప్పుకున్నారు. 2001 డిసెంబరుకి దివాలా. ఇంకెందుకండీ ఈ పదవులు?

మినిట్స్ రాత:
అండీ, 2002లో అమెరికా సెనేట్ ఉపసంఘం దీనిమీదే నివేదిక ఇచ్చింది. ప్రమాద సూచనలు బోర్డు ముందుకొచ్చినా పట్టించుకోలేదని తేల్చింది. అంటే గట్టిగా అడిగే అవకాశం వాళ్లకుంది, వాడుకోలేదు.

నేను ఒక కంపెనీలో బోర్డు మీటింగులకి మినిట్స్, అంటే మీటింగులో ఏం జరిగిందో చెప్పే రికార్డు, రాసేవాణ్ణి. మీటింగ్ రేపనగా ఇవాళ సాయంత్రం మూడొందల పేజీల కట్ట పంపేవాళ్లం, ఎవరూ పూర్తిగా చదవకూడదనే. అలాంటి బయటి డైరెక్టర్ ఒకాయన మాత్రం పెన్సిల్ గుర్తులు పెట్టుకుని వచ్చి, అమ్మకాలు అంతంతమాత్రం పెరిగితే రావాల్సిన బాకీలు అంత వేగంగా ఎందుకు పెరిగాయని అడిగారు. ఫైనాన్స్ హెడ్ తర్వాత చెప్తానన్నాడు. ఆయన నావైపు తిరిగి, ఈ ప్రశ్న మినిట్స్‌లో రాయండి అన్నారు. అది రాశాక తర్వాతి మీటింగులో జవాబు చెప్పక తప్పలేదు, పాత బాకీల జాబితా బయటికొచ్చింది, కొంత రాదని కొట్టెయ్యాల్సి వచ్చింది. ఆయన పదవీకాలం మాత్రం మళ్లీ పొడిగించలేదు. నాకు ఇప్పటికీ కడుపు మండేది అక్కడే.

లెడ్జర్:
మీరే ఒప్పుకున్నారుగా. ఎవర్ని ప్రశ్నించాలో వాళ్ల చేతిలోనే నియామకం ఉంటే ఎవరు నోరు విప్పుతారు?

మినిట్స్ రాత:
అందుకే మార్చాల్సింది నియామకం, దాంతోపాటు వాళ్లకి అడిగే బలం కూడా ఇవ్వాలి. అవసరమైతే కంపెనీ ఖర్చుతోనే బయటి నిపుణుల సలహా తీసుకునే వీలు డైరెక్టర్లకి ఉండాలని బ్రిటన్‌లో క్యాడ్‌బరీ కమిటీ 1992లోనే చెప్పింది. నియామకం సంగతికొస్తే, ఇటలీలో 2005 చట్టం స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీల బోర్డులో కనీసం ఒక సీటు మైనారిటీ వాటాదారులు, అంటే తక్కువ వాటా ఉన్నవాళ్లు, ఇచ్చే అభ్యర్థుల జాబితాకి కేటాయించింది. అలా వచ్చినవాళ్లకి పొడిగింపు టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

లెడ్జర్:
ఒక్క సీటా? ఓటింగ్‌లో ఓడిపోతారు కదా.

మినిట్స్ రాత:
ఓడిపోనివ్వండి. వ్యతిరేకించినట్టు, ఎందుకు వ్యతిరేకించారో కూడా మినిట్స్‌లో ఉంటుంది. ఆడిటర్ వచ్చినప్పుడు అడిగి తీసుకుని చదివేది ఆ పుస్తకమే.