‘మాయాబజార్’ ఘనత కె.వి.రెడ్డిదా, పింగళిదా?

రీలుపెట్టె: నిన్న రాత్రి ‘మాయాబజార్’ మళ్ళీ చూశాను. 1957 నాటి ఈ సినిమా చూసిన ప్రతిసారీ నాకు ఒకటే అనుమానం. దర్శకుడు కె.వి.రెడ్డికి మనం కట్టబెడుతున్న ఘనతలో సగం రచయిత పింగళి నాగేంద్రరావుది కాదా? అసమదీయులు, తసమదీయులు, వీరతాళ్ళు... జనం నోట మిగిలినవి ఆయన మాటలే. వెన్నెల్లో పడవ చూస్తే ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ గుర్తొస్తారు. మరి దర్శకుడు చేసినదేమిటి?

పానకంలో పుడక: సగమేమిటి, ముప్పాతిక అనండి. 1968లో ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ తీసిందీ కె.వి.రెడ్డే కదా. ఎన్టీఆర్ ఉన్నారు, విజయా వారి డబ్బుంది. ఆడిందా?

తాడిపత్రి బాబాయి: దానికి రాసిందీ పింగళే నాయనా! మరి ఆ పరాజయంలో ముప్పాతిక ఎవరి ఖాతాలో వేద్దాం?

‘దొంగరాముడు’ (1955) మరిచిపోయారా? పింగళి లేరు, బార్ట్‌లీ లేరు, మాయలూ మంత్రాలూ లేవు. అన్నపూర్ణా వారి తొలి సినిమా, మాటలు డి.వి.నరసరాజువి. అయినా హాయిగా ఆడింది. కె.వి.రెడ్డి మా ఊళ్ళో పుట్టారని వెనకేసుకొస్తున్నానని అనుకుంటే అనుకోండి. సినిమాల్లోకి క్యాషియరుగా వచ్చిన మనిషి ఆయన. స్క్రిప్టు పూర్తిగా చేతికి రానిదే షూటింగు మొదలుపెట్టేవారు కాదు. స్టాప్‌వాచ్ పట్టుకుని ఏ సన్నివేశం ఎన్ని అడుగుల ఫిల్మో ముందే లెక్క కట్టేవారు. మాటలు పుట్టించింది పింగళే, కాదనను. ఏ మాట ఎక్కడ ఆపాలో చూసుకున్నది ఈయన.

పానకంలో పుడక: లెక్కలు రాసుకునేవాడు మేనేజరు అవుతాడు గానీ కళాకారుడు ఎలా అవుతాడు?

చందమామ పాఠకురాలు: పుడక గారూ, ప్రియదర్శిని పెట్టె సన్నివేశం గుర్తుందా? ఎవరికి ఇష్టమైనది వారికి కనిపించే పెట్టె. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. చివరికి కృష్ణుడు తెరిస్తే శకుని పాచికలతో ప్రత్యక్షం! ఎన్టీఆర్ చిన్న నవ్వు నవ్వుతారంతే. అక్కడ పేజీడు సంభాషణ రాయించవచ్చు, రాయించలేదు. ఇంకొకటి. అభిమన్యుడి పెళ్ళి కథలో పాండవులు ఒక్కసారైనా తెర మీదికి రారు. రాలేదన్న సంగతి నాకు నాలుగోసారి చూసినప్పుడు గానీ తట్టలేదు. దీన్నీ మేనేజరు పనే అంటారా?

రీలుపెట్టె: పాండవుల సంగతి నేనూ గమనించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ పెట్టె నా చేతికిస్తే పింగళే కనిపిస్తారు బాబాయి గారూ, ఏం చెయ్యను!