అప్‌డేట్: థ్రప్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు పడవ ప్రయాణం పూర్తయింది

ఇంగ్లండ్‌లో అమ్మానాన్నలతో నారోబోటులో (కాలువల్లో తిరిగే సన్నని, పొడవైన పడవ) ఒక్కరోజులో కాలువ నుంచి థేమ్స్‌లోకి వెళ్లవచ్చా అని గత నెల అడిగాను. వెళ్లి వచ్చాం. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఉదయం థ్రప్ గ్రామంలో బయలుదేరాం. ఆక్స్‌ఫర్డ్ కాలువలో లాకులు (నీటిమట్టం మార్చి పడవను ఎక్కించే, దించే గదులు) ఏడడుగుల వెడల్పే, పడవ సరిగ్గా ఇమిడిపోతుంది. తలుపులు తోయడం, నీటిని వదిలే తూములు ఎత్తడం అన్నీ మన పనే. దిగేటప్పుడు వెనుక తలుపుల కింది రాతి గట్టుమీద పడవ చిక్కుకోకుండా ముందుకు జరిపి ఉంచమన్న మీ హెచ్చరికను ప్రతి లాకు దగ్గరా గుర్తుచేసుకున్నాను. ధవళేశ్వరం లాకుల పక్కనే పెరిగిన నాన్నగారు తూములు ఎత్తే పిడిని తిప్పే పని ఎవరికీ ఇవ్వలేదు. ఆయన ముఖంలో అంత సంతోషం చూసి చాలా కాలమైంది.

కాలువను థేమ్స్‌తో కలిపే డ్యూక్స్ కట్ దాటి నదిలోకి రాగానే అంతా మారిపోయింది. నీటికి లాగుడు ఉంది, చుక్కాని బరువెక్కింది. కింగ్స్ లాకు దగ్గర, ప్రవాహం ఉధృతంగా ఉందని హెచ్చరించే ఎర్ర బోర్డు లేదని చూసుకున్నాకే ముందుకు కదిలాం. లంగరు సిద్ధంగా ఉంచాం, అవసరం పడలేదు. లాకులో ఇంజను ఆపి, తాడును గుంజకు చుట్టి చేత్తో పట్టుకున్నాం. తర్వాతి గాడ్‌స్టో లాకులో నేను తాడు గట్టిగా బిగించేశాను. నీరు దిగుతుంటే పడవ ఒరగడం చూసి అమ్మ అరిచింది, వెంటనే వదిలాను. తాడు ముడి వేయకండి!

పోర్ట్ మెడో పక్కన మేసే ఆవులను, గుర్రాలను చూస్తూ సాగి, నది నుంచి మళ్లీ కాలువకు చేర్చే షీప్‌వాష్ చానెల్ గుండా ఐసిస్ లాకు ఎక్కి, సాయంత్రానికి ఆక్స్‌ఫర్డ్‌లోని జెరికో పేటలో పడవ కట్టేశాం.