తలారి అంటే తల నరికేవాడేనా?

గ్రూపులో ఒకరి ప్రశ్న: “కథల్లో తలారి శిరచ్ఛేదం చేసేవాడు. మా అమలాపురం వైపు ఊళ్లలో వీఆర్‌ఏని (గ్రామ రెవెన్యూ సహాయకుణ్ని) తలారి అంటారు. రెండూ ఒకటేనా?”

మాట ఒకటేనండీ. కథల్లో శిక్ష అమలు చేసే పని ఒక్కటే మిగిలింది. ఊళ్లో మాత్రం తలారి అంటే కావలి మనిషి. ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ శాసనాల్లో పెద్ద అధికారులకు ‘మహాతలవర’ అనే బిరుదు ఉంది. మన తలారి ఆ ‘తలవర’ నుంచే వచ్చాడని చాలామంది పండితుల అభిప్రాయం.

ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలపై బ్రిటిష్ పార్లమెంటు కమిటీ 1812లో ఇచ్చిన ‘ఐదో నివేదిక’లో తలారి పనులు రాశారు: నేరాల ఆచూకీ తీయడం, ఊరి నుంచి ఊరికి వెళ్లే బాటసారులకు తోడు వెళ్లడం. జీతం సర్కారు ఖజానా నుంచి కాదు, కళ్లం దగ్గర కొలిచే మేర (ధాన్యంలో వాటా), కొంత మాన్యం (పనికి బదులు ఇచ్చే భూమి). ఊరి గింజ తినేవాడు కాబట్టి ఊరికే జవాబు చెప్పుకోవాలి. నాకు ఇదే అసలు సంగతి అనిపిస్తుంది.

అలాగని పాత రోజులు బంగారం అనకండి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1816 నుంచి కలెక్టరు, తహశీల్దారు, ఊరి పెద్దలైన మునసబులకే పోలీసు అధికారం. శిస్తు వసూలు చేసేదీ వాళ్లే. బకాయి పడ్డ రైతు వేళ్లను కర్రల మధ్య బిగించే ‘కిట్టి’ గురించి 1855 చిత్రహింసల విచారణ నివేదిక చదివితే కడుపు తరుక్కుపోతుంది. 1859 చట్టంతో విడిగా పోలీసు శాఖ పెట్టడానికి ఆ నివేదిక ఒక ముఖ్య కారణం.

ఒక సభ్యుడు: అయితే అప్పటితో తలారి పని అయిపోయిందా?

లేదండీ. స్టేషను నుంచి వచ్చే కానిస్టేబులు పరాయి మనిషి. ఎవరి చేను ఎక్కడ, కొత్తగా ఊళ్లోకి ఎవరొచ్చారు అన్నది మునసబు, తలారి చెప్పాల్సిందే. 1984లో మునసబు, ఊరి లెక్కలు రాసే కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా ఇలాగే నడిచింది. ఆ తర్వాత తలారి గ్రామ సేవకుడయ్యాడు, వీఆర్‌ఏ అయ్యాడు. జనం నోట్లో పాత పేరే ఉంది.

ఇంకో సభ్యురాలు: 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసులను వేశారు కదా, అదీ ఈ వరసేనా?

ఊళ్లోనే ఉండి ఊరి సంగతులు కనిపెట్టాలన్న ఆలోచన అదే. కానీ ఆవిడ జవాబు చెప్పుకునేది ప్రభుత్వానికి, ఊరికి కాదు. ఇద్దరికీ తేడా అక్కడే ఉంది.