ముతురాజు పదవా, బిరుదా?

ప్రొద్దుటూరు: తొలి తెలుగు శాసనంగా చెప్పే కలమళ్ళ శాసనం, అదే రేనాటి (కడప ప్రాంతపు) చోళులది, అందులోని మాట ఒకటి వదలడం లేదు. "ముతురాజు ధనంజయుడు రేనాణ్డు ఏళన్..." చిరుంబూరి రేవణకాలు దాకా గుర్తుంది, ఆ పైన జారిపోతోంది. ఈ ముతురాజు పదవా, బిరుదా, వంశం పేరా?

జమ్మలమడుగు: పదవే సార్. ఎర్రగుడిపాడు శాసనం చూడండి. ఎరికల్ ముత్తురాజు పన్నస (భూదానం) ఇస్తే సాక్షుల్లో దుజయరాజుల ముత్తురాజులు, నవప్రియ ముత్తురాజులు ఉన్నారు. ఒక్క దానం దగ్గర ఇంతమంది ఉన్నారంటే అది హోదానే. తర్వాతి రేనాటి చోళ రాజు పుణ్యకుమారుడు మాలేపాడు శాసనంలో చోళమహారాజు అయ్యాడు, ముతురాజు దానికి కింది మెట్టు.

నంద్యాల: కింది మెట్టు ఎట్లవుతుందన్నా? ఎర్రగుడిపాడులో 'త్తు' అని ఒత్తు ఉంది. మన ముత్తాతలో ఉన్నదీ అదే. ముత్తురాజంటే పెద్దరాజు. కలమళ్ళలో ఒత్తు లేకపోవడం చెక్కినవాడి అలవాటు.

అనంతపురం: తమిళనాట ముత్తరైయర్ అనే పాలకుల పేరును వదిలేశారు. దాన్ని మూడు నేలల దొర అని విడగొట్టేవాళ్ళున్నారు, ముత్యం అనేవాళ్ళూ ఉన్నారు.

నంద్యాల: ముత్యం నేనొప్పుకోను. ఇంట్లో ముత్తాత ఉండగా సముద్రం దాకా ఎందుకు?

ఒంటిమిట్ట: అందరూ 'ముతు' పట్టుకున్నారు. నా అనుమానం 'రాజు' మీద. మనుజేశ్వరాధములకు ఇవ్వనన్న పద్యంలోనే పోతన తనను "బమ్మెర పోతరాజొకఁడు" అనుకున్నాడు. ఆయన ఏలిన నాడేది? పేరు చివర రాజు కనిపిస్తే పదవి అనేయలేం. అన్నట్టు, ఆ 'ఒకఁడు' ఎంత గొప్ప మాట! అంత భాగవతం రాసినవాడు పోతరాజని ఒకడున్నాడులే అన్నట్టు పక్కకు తప్పుకున్నాడు. ఆ పద్యం చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

జమ్మలమడుగు: పోతన మీద నాకూ అంతే ప్రేమ అక్కా. కానీ శాసనం 575 ప్రాంతానిది, మధ్యలో దాదాపు 900 ఏళ్ళున్నాయి. పైగా ధనంజయుడి పేరు పక్కనే 'రేనాణ్డు ఏళన్' ఉంది, రేనాడు ఏలుతుండగా అని. ఏలేవాడికి అది పదవి కాక ఇంకేమిటి?

ఒంటిమిట్ట: ఏలడం 'ఏళన్'లో ఉంది తమ్ముడూ, ముతురాజులో లేదు.

ప్రొద్దుటూరు: ఆ 'ఏళన్' దగ్గర ఒక్కమాట. అక్కడ ళ, ఇప్పుడు మనం ఏలు అంటాం. ల ఎప్పుడొచ్చింది?

అనంతపురం: మా పక్క కన్నడంలో ఇప్పటికీ ఆళు అనే అంటారు. ళ పోలేదు, దీర్ఘమే వేరు. తెలుగులో 'ఆ' పోయి 'ఏ' ఎట్లా వచ్చిందో ముందు అది చెప్పండి.