'మిన్నల్ మురళి' లాంటి సినిమాలు ఇంకేమున్నాయండీ?

బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. కదిరి నుంచి మా నాన్న వచ్చారు. సూపర్‌హీరో అంటేనే చిన్నపిల్లల గంతులని ఛానెల్ మార్చేసే మనిషి, 2021 నాటి మలయాళం సూపర్‌హీరో సినిమా 'మిన్నల్ మురళి' మాత్రం కదలకుండా చూశారు. ఒకే రాత్రి పిడుగు పడి దర్జీ జైసన్‌కీ, టీ కొట్టులో పనిచేసే షిబుకీ శక్తులొస్తాయి కదా, ఆయన మనసంతా షిబు మీదే. షిబుగా గురు సోమసుందరం చేసింది విలన్ వేషమంటే ఒప్పుకోరు! ఊరంతా పిచ్చోడన్నాక ఏం చేస్తాడు పాపం, అని వాదన.

ఇలా ముందు మనిషి, తర్వాతే ఫైట్లు ఉండే సినిమాలు చెప్తారా? తెలుగు డబ్బింగ్ ఉండాలి, సబ్‌టైటిల్స్ చదవలేరు. ముసలితనం కథ కదా అని ఎక్స్‌మెన్ అనే హాలీవుడ్ సూపర్‌హీరో సిరీస్‌లో 2017 నాటి 'లోగన్' అనుకున్నా. రక్తం ఎక్కువే. పైగా పాత ఎక్స్‌మెన్ భాగాలు చూడనివాళ్ళకి అర్థమవుతుందా?