‘కుమారునియందలి’యా, ‘కుమారుని’యా? (గలతీ 2:20)

అక్షరపథం: బైబిల్లో పౌలు రాసిన గలతీ పత్రికలోని ఈ వాక్యం నా నోట ఎప్పుడూ "దేవుని కుమారుని విశ్వాసమువలన జీవించుచున్నాను" అనే వస్తుంది. తెలుగు బైబిలు అచ్చులో "కుమారునియందలి" అని ఉంది. ఆ ‘యందలి’ పౌలుదా, అనువాదకులదా?

గ్రీకుపాఠం: అనువాదకులదే. గ్రీకులో ‘పిస్తిస్’ (విశ్వాసం) పక్కన కుమారుడు ఒట్టి షష్ఠిలో, అంటే ‘కుమారుని’ అనే రూపంలో ఉన్నాడు. వుల్గేట్ అనే పాత లాటిను బైబిల్లోనూ, 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లోనూ షష్ఠే. పై 2:16లోనూ గ్రీకు షష్ఠే గానీ, అక్కడ లూథర్ తన జర్మను బైబిల్లో ‘క్రీస్తు మీది విశ్వాసం’ చేశాడు. మన ‘క్రీస్తునందలి’దీ అదే దారి.

సూత్రప్రియ: పాణిని ఎప్పుడో చెప్పాడు కదండీ, ‘కర్తృకర్మణోః కృతి’ అని. షష్ఠి కర్తకూ వస్తుంది, కర్మకూ వస్తుంది. ‘రాముని భక్తి’ అంటే రాముడి మీద భక్తే అనుకుంటాం. తండ్రి మాట కోసం అడవికెళ్లిన సందర్భంలో అంటే అది రాముడికున్న భక్తి. తెలుగు ఆ రెండర్థాలనూ హాయిగా మోయగలదు. ‘యందలి’ చేర్చి ఒక తలుపు మూసేశారు.

గ్రీకుపాఠం: మూసింది చిన్న తలుపు కాదు. ‘యందలి’ ఉంటే నన్ను నిలబెట్టేది నా నమ్మకం. తీసేస్తే ఆయన నమ్మకత్వం, చావు దాకా మాట తప్పకపోవడం. వాక్యంలో మిగతా మాటలు చూడండి: "నన్ను ప్రేమించి, నా కొరకు తన్ను తాను అప్పగించుకొనిన". పనులన్నీ ఆయనవే. రోమా 3:3లో ‘దేవుని పిస్తిస్’ అన్నచోట దేవుని నమ్మకత్వం తప్ప మరో అర్థం కుదరదు. రోమా 4:16లో ‘అబ్రాహాము పిస్తిస్’ అంటే అబ్రాహాముకున్న విశ్వాసమే, అబ్రాహాము మీది విశ్వాసం కాదు. క్రీస్తు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకు మార్చాలి? 1983లో బైబిలు పండితుడు రిచర్డ్ హేస్ పుస్తకంతో ఈ వాదం మళ్లీ రాజుకుంది.

మూలంవెంట: మరో పండితుడు జేమ్స్ డన్ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను. అదే 2:16లో పౌలు క్రియ వాడి "యేసు క్రీస్తునందు విశ్వాసముంచియున్నాము" అన్నాడు. అక్కడ విభక్తి ప్రత్యయం కాదు, ‘అందు’ అనే అర్థమిచ్చే ‘ఎయిస్’ అనే విడి మాటే ఉంది. షష్ఠిని విప్పి చెప్పింది పౌలే.

గ్రీకుపాఠం: అలాగైతే ఒకే వాక్యంలో ఒకే సంగతి మూడుసార్లు చెప్పినట్టు కాదా?

మూలంవెంట: నొక్కి చెప్పేవాడు మూడుసార్లు చెబుతాడండీ.

ఉప్పుతిన్న: మీరిద్దరూ ‘విశ్వాసం’ మాటను వదిలేశారు. ఉప్పు తిన్న విశ్వాసం అంటాం, అక్కడ నమ్మడం కాదు, నమ్మినవాణ్ణి వదలకపోవడం. పిస్తిస్‌కి ఉన్న రెండు ముఖాలూ మన మాటకి ఉన్నాయి. గలతీ 5:22లో ఆత్మఫలాల వరసలో ‘విశ్వాసము’ అన్నది ఈ రెండో అర్థంలోనే. ప్రసంగాల్లో అదీ మొదటి అర్థంలోకే జారిపోతోంది, నాకు బాధ అదే.

సూత్రప్రియ: మంచి మాట. అయితే నామానికి ‘విశ్వాసము’, క్రియకి చాలాచోట్ల ‘నమ్ము’ పెట్టడంతో గ్రీకులో ఒకే ధాతువని మనకి వినపడదు. మార్కు 9:24 చూడండి: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము". ఆ ‘ఉండకుండ’ గ్రీకులో లేదు. ‘నా అపనమ్మకానికి సాయం చెయ్యి’ అంటాడు, జబ్బు కొడుకుని యేసు దగ్గరికి తెచ్చిన ఆ తండ్రి. అపనమ్మకం పోయాక రమ్మనడం లేదు, అది ఉండగానే రమ్మంటున్నాడు.

భాగవతాభిమాని: అచ్చం గజేంద్రుడే! "కలడు కలండనెడివాడు కలడో లేడో" అన్న నోటితోనే "నీవే తప్ప నితఃపరం బెరుగ" అన్నాడు. సందేహం తీరాక శరణు అనలేదు. పోతన్న ఒక్క పిస్తిస్ మీద నాలుగు పద్యాలు రాసినట్టుంది.

సూత్రప్రియ: మధ్యలో సీసపద్యాన్ని దాటేశారు. "కలుగడే నాపాలి కలిమి సందేహింప". అసలు మలుపు అక్కడుంది.

భాగవతాభిమాని: దాటలేదండీ. అక్కడ ‘కలిమి’ ఏమిటన్నదే తేలలేదు. సందేహిస్తున్నది తన పట్ల ఆయన ఉనికినా, తనకున్న సంపదనా?

అక్షరపథం: నా ‘యందలి’ సంగతి?

సూత్రప్రియ: వస్తున్నానండీ. ముందు ఈ ‘కలిమి’. అదే పాదం రెండో సగంలో "కలిమిలేములు లేక కలుగువాడు" అన్నాడు కదా, అక్కడి అర్థాన్నే పైకి తెచ్చుకోవాలంటాను.

భాగవతాభిమాని: అలా తెస్తే ‘నాపాలి’ దేనికి అన్వయిస్తుంది?